మార్క్ అడగని క్లెమ్

బాల్‌మెయిన్ సందుల్లో రగ్బీ ఆడుకునే పిల్లల్లో ఎవడైనా నోరు జారి ‘మార్క్’ అన్నాడంటే, ఆ సాయంత్రం నుంచి వాడికి స్నేహితులు ఉండేవారు కాదు. వాడి ఇంటి గోడ మీద సుద్దముక్కతో ‘పిరికిగొడ్డు’ అని రాసేవారు. కన్నతండ్రులు కూడా ఇలాంటివాడు మా వంశంలో ఎలా పుట్టాడా అన్నట్టు చూసేవారు. మిగతా సిడ్నీలో ఈ పట్టింపు ఎక్కడా లేదు. ఇది మా ఒక్క పేట పిచ్చి. ఈ పిచ్చికి కారణం మా తమ్ముడు క్లెమ్. పాపం, తన వల్లే ఇదంతా జరుగుతోందని వాడికి చాలాకాలం తెలియనే తెలియదు.

మార్క్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అవతలివాళ్లు ఎత్తుగా తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకోవాలి. పట్టుకున్న చోటనే మడమతో నేలను గుద్ది గుర్తు పెట్టి, ‘మార్క్’ అని అరవాలి. రిఫరీ ఈల ఊదుతాడు. ఇక ఎవడూ మీద పడకూడదు, తాపీగా బంతిని తన్నుకోవచ్చు. మడమ గుర్తు ఒక్కటి చాలని నియమాల్లో ఉందని చదువుకున్నవాళ్లు అంటారు గానీ, మా రిఫరీలు మాత్రం చెవికి కేక తగిలితేనే ఈల నోట పెట్టేవారు. ఈ మాట అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది ఫుల్‌బ్యాక్‌కి. పద్నాలుగు మంది ముందుంటే వాడొక్కడే వెనక నిలబడతాడు. పైకి లేచిన బంతి కిందికి దిగేలోపు అవతలి జట్టులోని బండరాళ్లు ముగ్గురు నలుగురు వాడి మీదికి దొర్లుకుంటూ వచ్చేస్తారు.

మా తమ్ముడు ఏళ్ల తరబడి ఫుల్‌బ్యాక్‌గా ఆడాడు. మా పేటకి ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, దేశానికి ఆడాడు. ఆట సాగుతుండగా వాడి నోట ‘మార్క్’ అన్న మాట విన్నవాడు ఒక్కడు లేడు. జనం దాన్ని పౌరుషం అన్నారు. పత్రికలవాళ్లు పొగరు అన్నారు. అసలు సంగతి చాలాకాలం నాకూ మా ఆయన డూగల్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. వాడికి నత్తి.

అందరి ముందూ ఏ మాటా సరిగా పెగిలేది కాదు. అందులోనూ ‘మ’ అక్షరం వాడికి బద్ధశత్రువు. ఆ అక్షరం దగ్గర పెదవులు అతుక్కుపోయేవి, మెడ మీద నరం ఉబ్బేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. మాంసం కొట్టుకు పంపితే ‘మ... మ...’ అంటూ నిలబడిపోయేవాడు. నేను వెనకనుంచి వెళ్లి, “మటనండీ, కొవ్వు లేకుండా కొట్టండి,” అనేదాన్ని. అన్ని తరగతులూ ఒకే గదిలో నడిచే మా బడిలో పంతులు ప్రశ్న అడిగితే వాడి కంటే ముందు నేను లేచేదాన్ని, జనం వాణ్ణి సిగ్గరి అనుకునేవారు. వాడికంటే ఆరేళ్లు పెద్దదాన్ని. అమ్మ మంచాన పడ్డాక పెంచింది నేనే. వాడికి మాటలు రావడం మొదలైన నాటి నుంచి వాడి మాట కూడా నేనే మాట్లాడాను. నాకు ముక్కు మీద కోపం, నాలుక మీద మాట. “మీ ఇంటికి దేవుడు రెండు నాలుకలు పంపించాడే. పంచుకోమంటే రెండూ నువ్వే పెట్టేసుకున్నావు,” అంటాడు డూగల్. ఆయన ఫెర్రీ పడవ మీద పనిచేస్తాడు. రేవు వచ్చినప్పుడల్లా రేవు పేరు అరవడం ఆయన ఉద్యోగం. ఆయన కూడా తక్కువ తినలేదు.

క్లెమ్ ఓడల కర్మాగారంలో చేరింది కూడా ఈ నత్తి వల్లే. అక్కడ ఇనుప రేకుల్ని రివెట్లనే లావుపాటి ఇనుప మేకులతో బిగిస్తారు. సుత్తుల మోతకు చెవులు చిల్లులు పడతాయి. మాట్లాడి లాభం లేదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు నుదుటికి ఆనిస్తే మేస్త్రీ వస్తున్నాడని. అరచెయ్యి చాచి చూపితే ఆగమని. అంతమంది మూగవాళ్ల మధ్య మావాడి మూగతనం ఎవరికీ కనిపించలేదు. కొలిమి దగ్గరనుంచి ఎర్రగా కాలిన రివెట్‌ను పైకి విసిరేవారు. క్లెమ్ పరంజా మీద నిలబడి తగరపు డబ్బాతో దాన్ని టక్కున పట్టేవాడు. గాలి అటు వీచినా ఇటు వీచినా ఒక్కటి జారేది కాదు.

ఒకరోజు బర్ట్ స్కల్లీ ఈ సంబడం చూశాడు. స్కల్లీ కసాయి కొట్లో పనిచేసేవాడు, మా పేట రగ్బీ జట్టుకు కెప్టెన్. కర్మాగారం గేటు ఎదురుగా నాది పూటకూళ్ల కొట్టు. బఠాణీల సూపు, పంది కాళ్ల పులుసు, రొట్టె. స్కల్లీ సరాసరి నా కొట్లోకి వచ్చి బల్ల మీద చెయ్యేసి కొట్టాడు.

“హెస్టరక్కా! మండే ఇనుమును పట్టేవాడికి తోలుబంతి ఒక లెక్కా? వాడు శనివారం నాకు కావాలి.”

“వాణ్ణే అడగవయ్యా.”

“అడిగాను. తల ఊపాడు. మీవాడు మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా ఏంటి?”

మొదటి ఆట అవతలి పేటలో, చూడటానికి మా వైపునుంచి నేను తప్ప దాదాపు ఎవరూ రాలేదు. తొలి సగంలోనే బంతి ఆకాశానికి లేచింది. క్లెమ్ దాన్ని అందంగా పట్టాడు, మడమ నేలకు గుద్దాడు, నోరు తెరిచాడు. ‘మ... మ...’ దగ్గరే ఆగిపోయాడు. ముగ్గురు వచ్చి వాడి మీద కూర్చున్నారు. కొత్త కదా, బెదిరాడనుకున్నారు మన జట్టువాళ్లు; అవతలి పేట జనం పొట్ట పట్టుకుని నవ్వారు. “ఒరేయ్, అమ్మను పిలుస్తున్నాడురా! పాలసీసా తెండిరా!” అని అరిచాడొకడు. అమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ అరిచినవాడి వీపు మీద నా గొడుగు విరిగింది. గొడుగు పోయినందుకు నాకిప్పటికీ విచారం లేదు.

ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. నా ఎదుట కాస్త మాట తేలిగ్గా వచ్చేది. “అక్కా, ఇ... ఇంక ఆ మాట జోలికి పోను. పట్టుకుంటాను, పరిగెత్తుతాను. అంతే,” అన్నాడు.

ఆ రోజుల్లో ఫుల్‌బ్యాక్ అంటే గోడలాంటివాడు. నిలబడాలి, పట్టాలి, మార్క్ అడగాలి, తన్నాలి. పరిగెత్తే పని ఫుల్‌బ్యాక్‌ది కాదు. మావాడు గత్యంతరం లేక పరిగెత్తాడు. మీదికొస్తున్న ముగ్గురి మధ్య సందు ఎక్కడుందో బంతి ఇంకా గాల్లో ఉండగానే చూసుకునేవాడు. పట్టుకున్న చోట వాడు ఉండేవాడు కాదు. మీద పడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడేవారు. ఎడమకాలితో తన్నేవాడు, కుడికాలితో తన్నేవాడు, పరుగు ఆపకుండా తన్నేవాడు. వానలో బురదలో జారుతూ కూడా బంతిని పసిబిడ్డను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకునే ఉండేవాడు. నా తమ్ముడని చెప్పడం కాదు, అలాంటి ఆట అంతకుముందు ఎవరూ చూడలేదు. బ్రిస్బేన్‌లో వాణ్ణి చూడటానికి జనం చెట్లెక్కారట. న్యూజిలాండ్ వాళ్లు ఆట అయ్యాక వాడి చెయ్యి పట్టుకుని వదల్లేదట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మావాడికి నోరే లేదు, అయినా ఊరంతా వాడిదే.

మా పేట జనం మాత్రం తలా తోకా లేకుండా అర్థం చేసుకున్నారు. మా కొట్లో సూపు తాగుతూ రివెట్ల పనివాళ్లు చర్చలు పెట్టేవారు.

“మార్క్ అడగడమంటే నన్ను కొట్టొద్దు బాబోయ్ అని కాళ్లు పట్టుకోవడమే కదరా!”

“అంతేమరి. క్లెమ్ అడుగుతాడా? చచ్చినా అడగడు. బాల్‌మెయిన్ రక్తం!”

క్లెమ్ మూల బల్ల దగ్గర కూర్చుని తల వంచుకుని రొట్టె నంజుకుంటూ ఉండేవాడు. దానికి కూడా అర్థం తీశారు. ఎంత అణకువో చూడరా అన్నారు.

ఇలా ఉండగా ఇంగ్లండ్ నుంచి ఓడ మీద పెద్ద జట్టు వచ్చింది. దేశం తరఫున వాళ్లతో ఆడటం అప్పట్లో ఏ కుర్రాడికైనా జన్మకు సరిపడే గౌరవం. క్లెమ్ పైకి ఏమీ అనలేదు గానీ, పత్రికలో ఆ జట్టు ఫోటో వస్తే దాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. దుప్పట్లు దులిపేది నేనే కదా, చూశాను. వాడు జీవితంలో దేనికోసమైనా ఆశపడటం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

ఒక మధ్యాహ్నం బూట్లకు మసి అంటకుండా ఆచితూచి అడుగులేస్తూ ఒక పెద్దమనిషి మా కొట్లోకి వచ్చాడు. పెటిఫర్ గారు. జట్టును ఎంపిక చేసేవాళ్లలో ఒకరు, వృత్తికి వకీలు. చెడ్డమనిషని అనను. వకీలు కదా, ప్రతిదీ ముందే ఖాయం చేసుకుంటే గానీ ఆయనకు నిద్రపట్టదు.

“నీ ఆట చూశానయ్యా. కళ్లు చాల్లేదనుకో. కానీ మన గోలు గీత దగ్గర కూడా బంతి పట్టుకుని పరిగెత్తుతావేంటి? ఆ ఇంగ్లీషువాళ్లలో ఒక్కొక్కడూ ఆంబోతు. ఒక్క బంతి జారిందంటే దేశం పరువు గంగలో కలుస్తుంది. మన గీత దగ్గర పట్టావంటే మార్క్ అడగాలి. అడుగుతానని మాటివ్వు, చొక్కా నీదే. లేదంటే యూనివర్సిటీ కుర్రాడొకడున్నాడు, వాడికిస్తాం. ఏమంటావు?”

కొట్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. క్లెమ్ నోరు తెరిచాడు. ‘మాట ఇవ్వలేనండీ’ అని చెప్పబోతున్నాడని వాడి పెదవులు చూస్తేనే నాకు తెలిసిపోయింది. ఆ మొదటి అక్షరమే గొంతుకు అడ్డం పడింది. మెడ నరం ఉబ్బింది. నేను గరిటె పక్కనపెట్టి వాడి బల్ల దగ్గరికి వచ్చి, “అయ్యగారూ,” అన్నాను. బల్ల కింద వాడి అరచెయ్యి నా మోకాలిని గట్టిగా నొక్కింది. ఆగమని.

పెటిఫర్ గారు వాణ్ణి కాసేపు చూసి టోపీ పెట్టుకున్నారు. “మౌనం అర్ధాంగీకారం అన్నారు. సంతోషం. మాట మీద నిలబడు,” అని వెళ్లిపోయారు.

జనం అంతా వెళ్లాక నేను విరుచుకుపడ్డాను. “ఎందుకురా ఆపావు? నత్తి అని ఒక్క ముక్క చెప్తే పోయేదిగా!”

“చె... చెప్తే జాలిపడి చొక్కా ఇస్తారు. లేదంటే జాలిపడి తీసేస్తారు. రె... రెండూ నాకొద్దు.”

“మరిప్పుడు ఏం చేస్తావు?”

“అడుగుతాను. మా... మాట ఇచ్చాననుకున్నాడుగా ఆయన.”

“నువ్వు ఇవ్వలేదురా వెర్రివాడా!”

“ఆయన అలా అనుకుని వెళ్లాడక్కా.”

మర్నాటి నుంచి తెల్లవారకముందే నీటి ఒడ్డున ఖాళీ స్థలంలో సాధన మొదలైంది. డూగల్ బంతి తన్నేవాడు. ఆయన తన్నిన వాటిలో సగం సముద్రంలో పడేవి. క్లెమ్ బంతి పట్టి, మడమ గుద్ది, ఎవరూ లేనట్టు కళ్లు మూసుకుని ‘మార్క్’ అనేవాడు. వచ్చేది! గంటలాగా మోగేది. కానీ డూగల్ ఎదురుగా పరిగెత్తుకొస్తే చాలు, మళ్లీ పెదవులు అతుక్కుపోయేవి. నాలుక కింద గులకరాయి పెట్టుకుంటే నత్తి పోతుందని ఫెర్రీలో ఎవరో అనుకుంటుంటే డూగల్ విని వచ్చాడు. బంతి వచ్చి ఛాతీకి తగిలేసరికి ఆ రాయి కాస్తా మింగేశాడు. డూగల్ నవ్వీ నవ్వీ నేలమీద కూలబడ్డాడు. క్లెమ్ కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆట రోజున సన్నగా జల్లు పడుతోంది. బాల్‌మెయిన్ మొత్తం ఫెర్రీల మీద కదిలి వచ్చేసింది. మేం గడ్డి గుట్ట వైపు, కంచెను ఆనుకుని నిలబడ్డాం. దేశం చొక్కాలో మావాడు బయటికి వస్తుంటే నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. దేశం జట్టుకూ కెప్టెన్‌గా ఎంపికైన స్కల్లీ వాడి భుజం మీద చెయ్యేసి నడిపించుకొచ్చాడు. ఎదుట పెద్దమనుషుల గ్యాలరీలో పెటిఫర్ గారు పొడుగు టోపీతో కనిపించారు.

మొదట మనవాళ్లే బాగా ఆడారు, అయిదు పాయింట్లు చేశారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు మూడు చేశారు. తొలి సగం ముగియబోతుండగా వాళ్లు బంతిని ఎత్తుగా, సరిగ్గా మన గీత మీదికి తన్నారు. ఆ బంతి దిగి వస్తుంటే నా చేతులు కంచెను పట్టుకున్నాయి. పరిగెత్తరా, పరిగెత్తరా అని మనసులో గోల పెడుతున్నాను. క్లెమ్ పట్టాడు. పరిగెత్తలేదు. మడమ గుద్దాడు. నోరు తెరిచాడు.

వాడి గడ్డం వణకడం నాకు అంతదూరం నుంచి కనిపించింది. ఆ మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. కానీ నా మాట అక్కడ చెల్లదు. నలుగురు ఇంగ్లీషువాళ్లు వాణ్ణి నేలకేసి కొట్టారు, బంతి జారింది, వాళ్లు గీత దాటి దాని మీద పడ్డారు, మూడు పాయింట్లు చేశారు. ఆపైన వచ్చిన కిక్కు కూడా గోలై ఇంకో రెండు వచ్చాయి. ఎనిమిది వాళ్లకి, అయిదు మనకి.

కంచె దగ్గర ఎవడో మేకపిల్లలాగా ‘మే... మే...’ అని అరిచాడు. అది నన్ను అంతగా బాధించలేదు. అలాంటి కూతలు కొత్తవి కావు. నా పక్కన మా బాల్‌మెయిన్ వాళ్ల ముఖాలు చూడాలి. నమ్మినవాడే నట్టేట ముంచినట్టు నిలబడ్డారు.

“మడమ పెట్టాడ్రా. మార్క్ అడగబోయాడు. చూశావా?” అన్నాడొక రివెట్ల పనివాడు. వాడి పక్కవాడు టోపీ తీసి బురదలో కొట్టాడు. “దొరల చొక్కా తొడుక్కునేసరికి మనవాడికీ భయం పట్టింది,” అన్నాడు. నేను నోరు తెరిస్తే ఆ క్షణంలో అందరికీ నిజం తెలిసిపోయేది. డూగల్ నా చెయ్యి పట్టుకుని, “వద్దే. అది వాడిది,” అన్నాడు. నా మొగుడు జీవితంలో చెప్పిన తెలివైన మాట అది.

విరామంలో ఆటగాళ్లు మైదానం మధ్యలోనే గుండ్రంగా నిలబడి నిమ్మ ముక్కలు చప్పరిస్తున్నారు. క్లెమ్ దూరంగా, ఒంటరిగా, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా నడిచి ఆ గుండ్రం మధ్యలోకి వెళ్లాడు. నోరు తెరిచాడు.

ఏం మాట్లాడాడో అప్పుడు నాకు వినబడలేదు, ఆ తర్వాత స్కల్లీ చెప్పాడు. కానీ చూసింది చాలు. వాడి తల వెనక్కి పోయింది, మెడ బిగిసింది, ఒక పిడికిలి తొడను కొట్టింది. పద్నాలుగు మంది నిమ్మ ముక్కలు నోట్లోనే ఉంచుకుని వాడి వంక చూస్తున్నారు. స్కల్లీ జాలిపడి ఏదో మాట అందించబోయాడు. క్లెమ్ అరచెయ్యి చాచాడు. ఆగు. మా పేటవాళ్లందరికీ ఆ సైగ తెలుసు. గుట్ట మీద గొణుగుడు ఒక్కసారిగా ఆగింది.

“మ... మ... మార్క్ నేను చెప్పలేను. నాకు నత్తి. పొ... పొగరు కాదు, భయం కాదు. బంతి వస్తే పరిగెత్తుతాను. నేను పట్టగానే మీరు ని... నిలబడి చూడకండి. నా వెనక రండి.”

ఇంతే. ఇది మీరు చదవడానికి ఎంతసేపు పట్టిందో గానీ, వాడు చెప్పడానికి మాత్రం విరామమంతా పట్టింది. మధ్యలో రిఫరీ ఈల ఊదాడు. ఇంగ్లీషువాళ్లు వచ్చి వరుసలో నిలబడ్డారు. మనవాళ్లలో ఒక్కడు కదల్లేదు. రిఫరీ మళ్లీ ఊదాడు. స్కల్లీ వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి చాచి ఆయనకు చూపించాడు. కసాయి కొట్టువాడికి ఆ సైగ ఎప్పుడు అబ్బిందో! క్లెమ్ చివరి మాట పూర్తిచేశాకనే ఆ పద్నాలుగు మంది నోట్లోంచి నిమ్మ ముక్కలు ఉమ్మేసి స్థానాలకు వెళ్లారు. నా పక్కన టోపీ బురదలో కొట్టినవాడు వంగి దాన్ని తీసుకుని, తుడవకుండానే తలమీద పెట్టుకున్నాడు.

“నత్తా? ఇన్నేళ్లూ...” అని నా వైపు తిరిగాడు.

“నోరు మూసుకుని ఆట చూడు,” అన్నాను.

రెండో సగమంతా బురదలో కుస్తీ. ఎవరికీ ఒక్క పాయింటు రాలేదు. చీకటి పడబోతోంది. ఇంగ్లీషువాళ్లు మళ్లీ అదే బాణం తీశారు. బంతి ఎత్తుగా మన గోలు స్తంభాల ముందుకు వచ్చింది. దాని కింద క్లెమ్. ఎదురుగా అదే నలుగురు. వాళ్లకు తొలి సగం గుర్తుంది, మెల్లగా నవ్వుకుంటూ వస్తున్నారు కూడా.

వాడు బంతి పట్టిన చోట ఉండలేదు. కుడికి ఒక్క అడుగు చూపించి ఎడమకు జారాడు. ఇద్దరు దాటిపోయారు. మూడోవాడు బురదలో జారాడు, నాలుగోవాడు చొక్కా పట్టుకున్నాడు, చొక్కా చిరిగింది, మనిషి మాత్రం దొరకలేదు. గుట్టంతా లేచి నిలబడింది. ఇదివరకు ఇలాంటి పరుగుల్లో వాడు ఎప్పుడూ ఒంటరివాడే. మిగతావాళ్లు నోరెళ్లబెట్టి చూసేవారు, చివరకు ఎవడో ఒకడు వాణ్ణి పడగొట్టేవాడు. ఈసారి వాడి వెనక మన జట్టంతా ఉంది. మైదానం నడిమికి వచ్చేసరికి ఇద్దరు ఇంగ్లీషువాళ్లు అడ్డం వచ్చారు. క్లెమ్ చూడకుండానే బంతిని పక్కకు వేశాడు. అక్కడ స్కల్లీ ఉన్నాడు. స్కల్లీ ఆ ఇద్దరినీ తన మీదికి లాక్కుని, కింద పడుతూ బంతిని మళ్లీ క్లెమ్ చేతుల్లోకే విసిరాడు. ఎదురుగా వాళ్ల ఫుల్‌బ్యాక్ ఒక్కడే మిగిలాడు. క్లెమ్ పరుగు ఆపకుండా బంతిని కాలి ముందు వదిలి, అది నేల తాకి లేస్తుండగా ఎడమకాలితో తన్నాడు. అది స్తంభాల మధ్యనుంచి, అడ్డకర్ర పైనుంచి తాపీగా వెళ్లింది. ఆ రోజుల్లో డ్రాప్ గోలుకి నాలుగు పాయింట్లు. తొమ్మిది, ఎనిమిది.

నేను ఏడ్చాను. డూగల్ తన ఉద్యోగం గుర్తొచ్చి వరుసగా రేవుల పేర్లన్నీ అరిచాడు. పక్కవాళ్లకు ఏమీ అర్థం కాలేదు.

పత్రికలు వారం రోజులు ఆ పరుగు గురించే రాశాయి. ఆ తర్వాత కూడా వాడు చాలా ఆటలు ఆడాడు. మోకాలు దెబ్బతిని మానేసేదాకా దేశం చొక్కా వేరేవాడికి పోలేదు. ఇప్పటికీ ముసలివాళ్లు నా కొట్లో కూర్చుని ఆ ఎడమకాలి గోలును వేళ్లతో బల్ల మీద గీసి చూపిస్తారు. నన్నడిగితే మాత్రం ఆ రోజు వాడు చేసిన గొప్ప పని అది కాదు. పరుగు వాడికి దేవుడిచ్చాడు. ఆ విరామంలో చెప్పిన నాలుగు మాటలు ఎవరూ ఇచ్చినవి కావు.

సోమవారం మధ్యాహ్నం పెటిఫర్ గారు మళ్లీ వచ్చారు. ఈసారి బూట్ల సంగతి చూసుకోలేదు, మసిలోనుంచే నడిచి వచ్చారు. కొట్టు నిండా పనివాళ్లు. పొయ్యి మీద బఠాణీలు ఉడుకుతున్నాయి. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని సరాసరి నా దగ్గరకే వచ్చారు.

“అమ్మా, మీ తమ్ముడు నాకిచ్చిన మాట ఎందుకు తప్పాడో, మైదానంలో అంతసేపు ఏం చెప్పాడో కాస్త మీరు చెప్తారా? మీవాడు మాట్లాడడు కదా.”

జవాబు నా నాలుక చివరే ఉంది. ఏళ్లుగా అక్కడే ఉంది. ఆయన్ని ఉతికి ఆరేసే మాటలు కూడా దాని వెనక వరుసలో నిలబడి ఉన్నాయి. మూల బల్ల దగ్గర క్లెమ్ చెంచా కింద పెట్టాడు. నా వంక చూడలేదు. సైగ కూడా చేయలేదు.

“వాణ్ణే అడగండి,” అన్నాను.

పెటిఫర్ గారు తిరిగారు. క్లెమ్ లేచి నిలబడ్డాడు. “నే... నేను మీకు...” అన్నాడు. ఆ తర్వాతి అక్షరం అడ్డం పడింది. పెదవులు అతుక్కున్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. ఒక పనివాడు రొట్టెముక్క నోటిదాకా తీసుకెళ్లి అక్కడే ఆపాడు. ఎవడూ దగ్గలేదు, ఎవడూ మాట అందించలేదు. పెటిఫర్ గారు ఒకసారి నా వంక చూశారు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన టోపీని గుండెకు ఆనించుకుని ఓపిగ్గా నిలబడ్డారు.

“మ... మ... మాట ఇవ్వలేదండీ,” అన్నాడు క్లెమ్. “ఇవ్వలేనని చె... చెప్పబోయాను. అది రా... రాలేదు. ఎందుకంటే...”

బఠాణీలు అడుగంటుతున్న వాసన వచ్చింది. నేను కదల్లేదు. మా తమ్ముడు ఇంకా మాట్లాడుతున్నాడు.